కుట్టు పడ్డాక... ఒక్క చూపు!

చివరి కుట్టు పడింది. ముడి బిగిసింది. ఇక గాయం మూసేయడమే తరువాయి. కానీ కొందరు సర్జన్లు అక్కడ ఓ ఐదు పది నిమిషాలు ఆగుతారు. చూపుడువేలంత పరికరాన్ని అప్పుడే కుట్టిన రక్తనాళం మీద ఆనించి, లోపల నెత్తురు ఎలా పారుతోందో తెర మీద చూస్తారు. కడుపులో బిడ్డను చూపించే స్కానింగే ఇక్కడ ఆపరేషన్ సరిగ్గా జరిగిందో లేదో తేల్చే పరీక్ష అవుతోంది!

తొర్రూరు బస్టాండు. తెల్లవారుతుండగా వరంగల్ బస్సు కోసం నిలబడ్డవాళ్లలో ఎవరో ఒకరి చేతిలో ఓ సంచి కనిపిస్తుంది. అందులో టిఫిన్ డబ్బా, నీళ్లసీసా... వాటి పక్కనే మడత పడకుండా జాగ్రత్తగా పెట్టుకున్న స్కాన్ కవరు. వరంగల్-ఖమ్మం రహదారి మీదున్న ఈ ఊరు ఒకప్పుడు వరంగల్ జిల్లాలోది. 2016 అక్టోబరు నుంచి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. పేరు మారినా దారి మారలేదు. పెద్ద జబ్బు అంటే రాయపర్తి, వర్ధన్నపేటల మీదుగా యాభై కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వరంగల్ చేరాలి. అక్కడా కాదంటే హైదరాబాదే.

అలా బస్సెక్కే ఓ పత్తి రైతును ఊహించుకుందాం. అరవై దాటాయి. చాలా ఏళ్లుగా షుగరు, అంతకన్నా ఎక్కువ ఏళ్లుగా బీడీ. ఓ పొద్దున మంచం మీద కూర్చుని చాయ్ తాగుతుంటే కుడిచేతిలోంచి గ్లాసు జారిపోయింది. ఏదో చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది. పది నిమిషాల్లో అంతా మామూలే. ‘‘ఏం కాలేదు బిడ్డా, చెయ్యి తిమ్మిరెక్కింది, గంతే’’ అన్నాడు. కూతురు వినలేదు. వరంగల్ తీసుకెళ్లింది. డాక్టరు మెడకు డాప్లర్ పరీక్ష చేయించారు. ఎడమవైపు మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని ఎనభై శాతం పూడుకుపోయింది!

ఈ రైతు ఫలానా మనిషని కాదు. కానీ ఇలాంటి పొద్దులు ఎన్నో ఇళ్లలో తెల్లవారుతూనే ఉన్నాయి. చెయ్యి తిమ్మిరి అనుకుని వదిలేసిన ఇళ్లలో కొన్నింట ఆ తర్వాత వచ్చేది పక్షవాతమే.

మెడలో చెరువు పూడిక

మెడకు రెండు పక్కలా వేలు ఆనిస్తే కొట్టుకునే నాడులే కెరోటిడ్ ధమనులు. దవడ కింద ఒక్కోటీ రెండు పాయలవుతుంది. ఒకటి ముఖానికి, రెండోది మెదడుకు. సరిగ్గా ఆ చీలిక దగ్గరే కొవ్వు, సున్నం పేరుకుంటాయి. బీపీ, షుగరు, పొగ తోడైతే ఆ పూడిక ఇంకా త్వరగా పెరుగుతుంది. పూడిక మీద పగులు వచ్చి చిన్న తునక ఊడినా, దాని మీద గడ్డకట్టిన నెత్తురు ఊడినా నేరుగా వెళ్లేది మెదడుకే. అది కరిగిపోతే పది నిమిషాల హెచ్చరిక. కరగకపోతే కాలూ చెయ్యీ మాటా పోతాయి.

తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ పుణ్యమా అని ‘పూడిక తీత’ అన్న మాట ఇక్కడ ఇంటింటికీ తెలిసిందే. మెడలోని ధమనికి చేసేదీ అదే. రక్తనాళాన్ని కోసి తెరిచి, లోపలి గోడకు అంటుకున్న పూడికను చెక్కులా ఒలిచి తీసి, మళ్లీ కుడతారు. దీని పేరు కెరోటిడ్ ఎండార్టెరెక్టమీ. 1953లో అమెరికాలోని హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ ఈ ఆపరేషన్ చేశారు. మరుసటి ఏడాది లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రి వైద్యులు మెడలో పూడుకుపోయిన భాగాన్ని తొలగించి, పదేపదే వస్తున్న పక్షవాతపు హెచ్చరికలను ఆపగలిగారు. దాంతో ప్రపంచమంతా ఈ శస్త్రచికిత్స వైపు చూసింది.

దీనివల్ల లాభం ఎంత? 1991లో అమెరికా, కెనడాల అధ్యయనం ఒకటి దీనికి అంకెల్లో జవాబిచ్చింది. అప్పటికే హెచ్చరిక వచ్చి, ధమని 70 శాతానికి మించి పూడిన రోగుల్లో మందులు మాత్రమే వాడినవారిలో రెండేళ్లలో నూటికి 26 మందికి అదే వైపు పక్షవాతం వచ్చింది. ఆపరేషన్ చేయించుకున్నవారిలో 9 మందికే. అప్పటికన్నా ఇప్పుడు మందులు బాగా మెరుగుపడ్డాయి. అయినా ఇలాంటివారికి ఆపరేషన్ అవసరం పోలేదు. పైగా హెచ్చరిక వచ్చాక తొలి రోజుల్లోనే ముప్పు ఎక్కువ కాబట్టి రెండు వారాల్లోపే చేయాలన్నది నేటి మార్గదర్శకాల మాట.

అయితే ఒక్క షరతు. పక్షవాతం రాకుండా చేసే ఆపరేషనే పక్షవాతం తెచ్చిపెట్టకూడదు!

చేతికి తెలియనిది

మెదడుకు వెళ్లే పాయ మహా అయితే అయిదు మిల్లీమీటర్ల వెడల్పు. కుట్టే దారం దాదాపు వెంట్రుకంత సన్నం. పూడిక ఒలిచాక దాని చివర లోపలి పొర గోడకు సరిగ్గా అతుక్కోకపోతే గాలికి ఊగే తెరలా నెత్తుట్లో ఆడుతుంది. దాన్నే ఫ్లాప్ అంటారు. కుట్టు కాస్త గట్టిగా లాగితే ధమని అక్కడ నడుం కట్టినట్టు సన్నబడుతుంది. పూడిక తీసిన చోట నాళం కాస్త పొడవై మడత పడొచ్చు. గరుకుగా మిగిలిన చోట నెత్తురు గడ్డ కట్టొచ్చు. ఇవన్నీ లోపలి సంగతులు. కుట్టేశాక బయటి నుంచి చూస్తే ధమని నిగనిగలాడుతూనే ఉంటుంది.

మరి అంతా బాగుందని తెలిసేదెలా? తొలి రోజుల్లో సర్జన్ వేలే సాక్షి. క్లాంపులు తీశాక నాడి కొట్టుకుంటుంటే సరే అనుకునేవారు. కానీ లోపల ఫ్లాప్ ఆడుతున్నా నాడి కొట్టుకుంటుంది. సగం మూసుకుపోయినా కొట్టుకుంటుంది. తర్వాత ధమనిలోకి సూది గుచ్చి, రంగు మందు ఎక్కించి, ఎక్స్‌రే తీసే యాంజియోగ్రామ్ వచ్చింది. బొమ్మ బాగానే వస్తుంది. కానీ అప్పుడే కుట్టిన చోటికి దగ్గర్లో మళ్లీ సూది గుచ్చాలి. రేడియేషన్, రంగు మందు తప్పవు. కిడ్నీలు దెబ్బతిన్న షుగరు రోగికి ఆ మందు కూడా భారమే.

గుచ్చకుండా, మందు ఎక్కించకుండా, ఎన్నిసార్లయినా చూసుకోగలిగే దారి కావాలి. ఆ దారి చూపింది శబ్దమే.

రైలు కూత చెప్పిన రహస్యం

మానుకోట స్టేషన్లో నిలబడండి. ఆగకుండా వెళ్లే రైలు దగ్గరికి వస్తుంటే కూత సన్నగా, పదునుగా వినిపిస్తుంది. మనల్ని దాటి వెళ్లిపోతుంటే ఒక్కసారిగా బొంగురుపోతుంది. రైలు కూత మారలేదు. దాని కదలికే మన చెవికి తేడాగా వినిపించింది. కదిలే వస్తువుల నుంచి వచ్చే తరంగాల్లో ఇలాంటి మార్పు ఉంటుందని 1842లో ప్రేగ్‌లో క్రిస్టియన్ డాప్లర్ సిద్ధాంతం చెప్పారు. మూడేళ్ల తర్వాత హాలండ్‌లో రైలు మీద బాకా ఊదేవాళ్లను ఎక్కించి మరీ దాన్ని పరీక్షించి చూశారు!

నెత్తుట్లోని కణాలూ ఆ రైలు లాంటివే. మనం వినగలిగే శబ్దం సెకనుకు ఇరవై వేల ప్రకంపనల దాకానే. గర్భిణులకు చేసే స్కానింగులో సెకనుకు ముప్పై నుంచి యాభై లక్షల ప్రకంపనలుంటాయి. ఆ తరంగాలు కదిలే నెత్తుటిని తాకి తిరిగొచ్చేటప్పుడు వాటి స్థాయి మారుతుంది. ఆ తేడా నుంచి యంత్రం నెత్తుటి వేగం లెక్కగడుతుంది. 1970లలో అమెరికాలోని సియాటిల్‌లో యూజీన్ స్ట్రాండ్‌నెస్ బృందం రక్తనాళం బొమ్మనూ, అందులోని వేగాన్నీ ఒకే యంత్రంలో కలిపింది. అదే డ్యూప్లెక్స్ స్కాన్. 1980ల నాటికి అది ఆపరేషన్ బల్ల పక్కకు చేరింది.

బల్ల పక్కకు వచ్చాక దానికి ఇంకో బలం చేకూరింది. మామూలు స్కానింగులో తరంగాలు చర్మం, కొవ్వు, కండ దాటి లోతుకు వెళ్లాలి. ఇక్కడ రక్తనాళం కళ్ల ముందే తెరిచి ఉంటుంది. కాబట్టి లోతుకు పోలేని, కానీ చాలా సూక్ష్మంగా చూపగలిగే సెకనుకు కోటికి అటూ ఇటూ ప్రకంపనల తరంగాలను వాడొచ్చు. మిల్లీమీటరు ఫ్లాపు కూడా తెర మీద ఆడుతూ కనిపిస్తుంది.

ఆ పది నిమిషాలు

మళ్లీ మన రైతు దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో ఓ ఆపరేషన్ థియేటర్. పూడిక తీశారు. కుట్టేశారు. క్లాంపులు విప్పారు. నాడి నిక్షేపంగా కొట్టుకుంటోంది. థియేటర్ బయట బెంచీ మీద కూతురు గడియారం చూసుకుంటోంది. లోపల సర్జన్ ‘‘ప్రోబ్ ఇవ్వండి’’ అన్నారు.

హాకీ కర్రలా కొన వంగిన చిన్న ప్రోబుకు స్టెరైల్ తొడుగు వేసి, అందులో జెల్ నింపి అందించారు. తరంగాలు గాలిలో సరిగా ప్రయాణించవు. అందుకే గాయంలో సెలైన్ పోశారు. అప్పుడు ధమని మీద ప్రోబును అడ్డంగా, ఆపై నిలువుగా నెమ్మదిగా జరిపారు. ముందు నలుపు తెలుపు బొమ్మ. గోడ నున్నగా ఉందా? ఏదైనా వేలాడుతోందా? తర్వాత రంగుల బొమ్మ. పారుదల ఉన్న చోటల్లా రంగు నిండాలి. చివరగా వేగం. బోరు పైపు మూతిని బొటనవేలితో సగం మూస్తే నీళ్లు విసురుగా చిమ్ముతాయి కదా, ధమని సన్నబడిన చోట నెత్తురూ అంతే. వేగం హఠాత్తుగా పెరిగితే అక్కడేదో ఉన్నట్టే.

కుట్టు పైభాగాన దారప్పోగులాంటిదొకటి ఊగుతూ కనిపించింది. అక్కడ రంగులు కలగాపులగమయ్యాయి. వేగమూ పెరిగింది. ఫ్లాప్! చేతికి తెలియలేదు. కంటికి ఆనలేదు. మళ్లీ క్లాంపులు పెట్టి, అక్కడ తెరిచి, వదులుగా ఉన్న పొరను తీసేసి, అంచును గోడకు కుట్టి, మూసి, మళ్లీ చూశారు. ఈసారి రంగు అంచుదాకా నిండుగా పారింది. అప్పుడు గాయం మూశారు.

ఇదే ఫ్లాపు ఆపరేషన్ అయిన నాలుగు గంటలకు నెత్తుటి గడ్డగా మారి మెదడుకు చేరి ఉంటే? వార్డులో పక్షవాతం, పరుగున మళ్లీ థియేటర్. ఆలోగా మెదడులో చచ్చిపోయిన భాగం మళ్లీ రాదు. లోపాన్ని సరిదిద్దడానికి అన్నింటికన్నా అనువైన సమయం రోగి ఇంకా బల్ల మీద ఉన్నప్పుడే!

గుండెకు, కాలికి కూడా...

మెడకే కాదు, ధమనిని ముట్టుకునే ప్రతి ఆపరేషన్‌కూ ఈ చూపు పనికొస్తుంది. మనదేశంలో తొలి కరోనరీ బైపాస్ 1975లో అప్పటి మద్రాసులోని పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేశారు. ఇప్పుడది పెద్ద నగరాల్లో రోజువారీ ఆపరేషన్. అందులో ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల గుండె ధమనికి ఛాతీ నుంచో కాలి నుంచో తెచ్చిన నాళాన్ని అతకాలి. మనదేశంలో గుండె కొట్టుకుంటుండగానే అతికే పద్ధతిని చాలామంది అనుసరిస్తారు. కదిలే చోట కుట్టాలంటే పని ఇంకా కష్టం.

అతికాక ఆ నాళం చుట్టూ చిన్న కొక్కెం లాంటి ప్రోబును తగిలిస్తారు. ఇది బొమ్మ చూపదు, పారుదల కొలుస్తుంది. శబ్ద తరంగం ప్రవాహంతోపాటు వెళ్లడానికీ, ఎదురీదడానికీ పట్టే సమయాల తేడాను బట్టి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల నెత్తురు పారుతోందో చెబుతుంది. ఇరవై మిల్లీలీటర్లకన్నా తక్కువ ఉండి, ప్రవాహం ముందుకూ వెనక్కూ ఊగిసలాడుతుంటే అతుకును అనుమానించాలి. బొమ్మ చూపే ప్రోబు కూడా తోడైతే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. అంతేనా, ఆపరేషన్ మొదట్లోనే బృహద్ధమని మీద దాన్ని ఆనించి సున్నం పేరుకున్న చోట్లు గుర్తిస్తే అక్కడ క్లాంపు పెట్టకుండా తప్పుకోవచ్చు. లేదంటే ఆ సున్నం చితికి మెదడుకు చేరే ప్రమాదముంది.

ఈ రెండు పరికరాలూ వాడి పలు దేశాల్లో 1016 మంది బైపాస్ రోగులను నమోదు చేసిన ‘రిక్వెస్ట్’ అధ్యయనం ఒక సంగతి బయటపెట్టింది. దాదాపు ప్రతి నలుగురిలో ఒకరి విషయంలో సర్జన్లు తెర మీద చూశాక తమ పథకాన్ని ఏదో ఒక మేరకు మార్చుకున్నారు. వాళ్లంతా చేయి తిరిగిన సర్జన్లే!

బీడీలు, షుగరు వల్ల కాలి ధమనులు మూసుకుపోయి వేళ్లు నల్లబడేవారి సంగతీ ఇంతే. కాలిని కాపాడటానికి వాళ్ల సిరనే తీసి బైపాస్ వేస్తారు. సిరలో నెత్తురు ఒకవైపే పోయేలా ప్రకృతి కవాటాలు పెట్టింది. సిరను తిప్పకుండా ఉన్నచోటే వాడితే ఆ కవాటాలను కత్తిరించాలి. ఒక్కటి మిగిలినా పారుదలకు అడ్డే. చర్మం కింద దాగిన ఆ ఒక్కదాన్నీ పట్టిచ్చేది డాప్లరే.

అందరూ ఎందుకు చేయరు?

ఇంత మేలైతే ప్రతి థియేటర్లో ఎందుకు లేదు? కారణాలున్నాయి. మొదటిది... చూడటం వేరు, చదవడం వేరు. తెర మీద కనిపించిన ప్రతి గీతా లోపం కాదు. చిన్న పొర దానంతటదే గోడకు అతుక్కుపోవచ్చు. ప్రతిదానికీ మళ్లీ తెరిస్తే మెదడుకు మళ్లీ రక్తం ఆపాలి. అదో కొత్త ముప్పు. రెండు మూడు మిల్లీమీటర్లకు మించిన ఫ్లాపు, వేగం బాగా పెరగడం, నెత్తుటి గడ్డ... ఇలాంటివే మళ్లీ తెరవడానికి గట్టి కారణాలు. ఏది వదలాలో ఏది పట్టాలో అనుభవమే నేర్పాలి. కొన్ని రకాల కృత్రిమ అతుకులు వేసినప్పుడు వాటిలో చిక్కుకున్న గాలి వల్ల తరంగాలు దాటలేవు. అప్పుడు పక్క కోణం వెతుక్కోవాలి.

రెండోది... వైద్య లోకంలోనే ఇంకా చర్చ ముగియలేదు. జర్మనీలో 2009-2014 మధ్య జరిగిన లక్షా నలభై రెండు వేలకు పైగా కెరోటిడ్ ఆపరేషన్ల వివరాలు పరిశీలిస్తే, మూసేముందు బొమ్మ చూసుకున్నచోట పక్షవాతం, మరణాల ముప్పు తక్కువగా కనిపించింది. అమెరికాలోని కొన్ని రికార్డుల్లో మాత్రం ప్రతిసారీ చూసేవారికీ, అనుమానం వస్తేనే చూసేవారికీ పెద్ద తేడా కనిపించలేదు. ఇవన్నీ జరిగినవాటిని లెక్క చూసినవేగానీ రోగులను రెండు జట్లుగా విడదీసి పోల్చినవి కావు. అందుకే ‘తప్పనిసరి’ అనకుండా, చేయడం మేలు అన్న ధోరణిలో యూరప్ రక్తనాళాల సర్జన్ల సంఘం 2023 మార్గదర్శకాల్లో చెప్పింది.

మూడోది మన దగ్గరి సంగతి. ఆడపిల్లల భ్రూణహత్యలను ఆపడానికి 1994లో చట్టం వచ్చింది. దాని కింద అల్ట్రాసౌండ్ యంత్రం ఎక్కడున్నా రిజిస్టర్ చేయాల్సిందే. మెడ ఆపరేషన్‌కు వాడినా సరే! చట్టం అవసరం అలాంటిది. కాబట్టి యంత్రం ఖరీదుతోపాటు కాగితాల పనికీ, తెరను చదవగలిగిన మనిషికీ ఆసుపత్రి సిద్ధపడాలి.

ఇంటివాళ్లు అడగాల్సినవి

పంజాగుట్టలోని నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రచికిత్సకు విడిగా విభాగమే ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు పెద్ద ఆపరేషన్ల దారి తెరిచింది. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు. అంటే తొర్రూరు నుంచి వెళ్లే మనిషికి ఆపరేషన్ అందని పండేమీ కాదు. అందుకే సంతకం పెట్టేముందు నాలుగు మాటలు అడగడం నేర్చుకోవాలి.

* ఈ ఆపరేషన్ మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? అనుభవం ఎక్కువున్న చోట ఫలితాలూ మెరుగ్గా ఉంటాయి.

* మూసేముందు నెత్తుటి పారుదలను ఎలా సరిచూస్తారు? డాప్లరా, యాంజియోగ్రామా, పారుదల కొలిచే ప్రోబా?

* చూసిన ఫలితాన్ని డిశ్చార్జి కాగితంలో రాస్తారా? తర్వాత ఎప్పుడైనా స్కాన్ తీస్తే పోల్చుకోవడానికి అది ఆధారం.

* మళ్లీ డాప్లర్ పరీక్షకు ఎప్పుడు రావాలి? ఏ మందులు ఆపకూడదు?

ఇవి నిలదీసే ప్రశ్నలు కావు. వినయంగా అడిగినా జవాబు వస్తుంది. వేరే పద్ధతిలో సరిచూస్తామని డాక్టరు చెబితే అదీ సమాధానమే. చూడటమే ముఖ్యం.

అన్నింటికన్నా ముందు చేయాల్సింది మాత్రం ఇంట్లోనే ఉంది. మూతి వంకర పోవడం, చెయ్యి జారిపోవడం, మాట తడబడటం... పది నిమిషాల్లో తగ్గిపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. తగ్గకపోతే క్షణం ఆగకూడదు. గడ్డను కరిగించే మందుకు గడువు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే. తొర్రూరు నుంచి వరంగల్ దారిలోనే అందులో ఓ గంటకు పైగా కరిగిపోతుంది!

మన రైతు ఇల్లు చేరాడు. బీడీ కట్ట పారేశాడు. మెడ మీద సన్నటి గీత తప్ప మరో గుర్తు లేదు. థియేటర్లో ఆ పది నిమిషాలు ఏం జరిగిందో ఆయనకు తెలియదు. డిశ్చార్జి కాగితంలో ఒక్క వాక్యం ఉంది... మూసేముందు డ్యూప్లెక్స్ స్కాన్‌లో పారుదల బాగుందని. కూతురు చదివి వినిపించింది. చెరువు పూడిక తీసినంత మాత్రాన పని అయిపోదనీ, తూము ఎత్తి చివరి మడిదాకా నీళ్లు పారాయో లేదో చూసుకోవాలనీ తెలిసిన మనిషి ఆయన. ఆ వాక్యం విలువ ఆయనకు వేరే చెప్పక్కర్లేదు.